అర్ధరాత్రి ఫోన్ మోగితే: విశాఖలో అత్యవసర హెచ్చరికలపై చర్చ

సీతమ్మధార వాసి:

2023లో దేశమంతటా అత్యవసర హెచ్చరికల పనితీరు చూడటానికి ఫోన్లకు పరీక్షా సందేశాలు పంపిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మ ఫోన్ కూడా ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగింది. అమ్మకు డెబ్బై రెండేళ్లు. ఫోన్‌ను నిశ్శబ్దంలో పెట్టి పడుకుని ఉండగా అంత శబ్దం రావడంతో ఏదో పేలిపోతున్నదనుకుని దాన్ని మంచం మీద పడేసి వరండాలోకి వచ్చేసింది. నేను చదివి చూస్తే, ఇది పరీక్ష మాత్రమేనని, మీరు చేయవలసినదేమీ లేదని ఉంది. ఆ సాయంత్రమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ హెచ్చరికలను ఆపివేశాను. అమ్మ నిశ్చింతగా ఉంటే చాలుననుకున్నాను.

ఇప్పుడు మళ్లీ తుపానుల కాలం వచ్చింది. హుద్‌హుద్ చూసిన ఊరిలో ఉంటూ తల్లి ఫోన్‌లో హెచ్చరిక రాకుండా చేసినవాడిని నేనేనన్న ఆలోచన నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. తెలిసినవారు చెప్పండి. ఆ సందేశం అమ్మ నంబరు ఎలా తెలుసుకుని వచ్చింది? టవర్లు పడిపోయినప్పుడు అది పనిచేస్తుందా? దాన్ని తిరిగి తెరవడం వల్ల మేలు ఎంత?

విశ్రాంత టెలికాం ఇంజనీరు, మద్దిలపాలెం:

మొదటి ప్రశ్నకు సమాధానం మీకు ఊరట కలిగిస్తుంది. దానికి మీ అమ్మగారి నంబరు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు. పూర్వం ఊళ్లో చాటింపు వేసేవాడు ఏ ఇంట్లో ఎవరున్నారో చూసుకోకుండా వీధి మొదట నిలబడి డప్పు కొట్టి విషయం చెప్పేవాడు. వీధిలో ఉన్నవారందరికీ వినిపించేది. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే ఈ పద్ధతి అచ్చంగా అలాంటిదే. టవరు తన పరిధిలోని ఫోన్లన్నింటికీ ఒకే సందేశాన్ని ఒకేసారి చాటుతుంది. ఆ సమయానికి ఆర్కే బీచ్‌లో ఉన్న రాయపూర్ పర్యాటకుడి ఫోన్ కూడా మోగుతుంది. మోగిందో లేదో, ఎవరు చదివారో టవరుకు తిరిగి సమాచారం వెళ్లదు. కనుక మీరెక్కడున్నారో ప్రభుత్వం ఆరా తీస్తున్నదన్న భయం అక్కర్లేదు.

మనకు అలవాటైన ఎస్ఎంఎస్ వేరు. అది ఒక్కొక్క నంబరుకు విడివిడిగా వెళ్లాలి. లక్షల మందికి పంపాలంటే వరుసలో నిలబడి వెళ్లవలసిందే. పైగా ప్రమాదం వచ్చిన క్షణంలో అందరూ అందరికీ ఫోన్లు చేయడం వల్ల మార్గాలు కిక్కిరిసిపోతాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్‌కు ఆ రద్దీతో పని లేదు, ఎందుకంటే దానికి వేరే మార్గం కేటాయించి ఉంటుంది. ఫోన్‌లో డేటా ఆపి ఉన్నా, బాలెన్సు లేకపోయినా అది వస్తుంది. ఫోన్ పూర్తిగా ఆపివేసి ఉన్నా, విమానంలో పెట్టుకునే స్థితిలో ఉన్నా మాత్రం రాదు.

ఇది కొత్త వింత కూడా కాదు. ఇరవై ఏళ్ల కిందటి చిన్న నోకియా ఫోన్లు గుర్తున్నాయా? మద్దిలపాలెంలో ఉంటే తెర మీద మద్దిలపాలెం అని, ద్వారకానగర్ దాటగానే ఆ పేరు అని మారుతూ కనిపించేది. ఆ పేర్లు 50వ చానల్‌లో సెల్ బ్రాడ్‌కాస్ట్ ద్వారానే వచ్చేవి. అప్పట్లో మేము దాన్ని వీధి పేరు చూపించడానికి వాడాము. అదే దారిలో ప్రాణం కాపాడే మాటను పంపవచ్చునని మన వ్యవస్థ స్థిరపరచుకోవడానికి చాలా కాలం పట్టింది.

టవర్ల విషయం రాత్రికి రాస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెబుతాను. దయచేసి ఆ హెచ్చరికలను ఈ రోజే తిరిగి తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని కొడితే కనిపిస్తుంది.

గోపాలపట్నం గృహిణి:

ఈ చర్చ చూసిన తరువాత రాయకుండా ఉండలేకపోయాను.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనపు విష ఆవిరి ఊరిమీదికి వచ్చినప్పుడు మా ఇల్లు అక్కడికి దగ్గరలోనే ఉండేది. మమ్మల్ని లేపింది సైరన్ కాదు, ఫోన్ కాదు. ఎదురింటి పెద్దాయన మా గేటును రాయితో కొట్టారు. అప్పటికే ఆయన గొంతు పెగలడం లేదు. నేను లేచి చూస్తే చిన్నవాడికి కళ్లు మండుతున్నాయి, పెద్దది వాంతి చేసుకుంటున్నది. బయటికి వచ్చాక మాకు తెలియనిది ఒక్కటే, ఎటు వెళ్లాలి అన్నది. మా వారు ఒక వైపు అంటారు, నేను మరో వైపు అంటాను. చీకట్లో జనం రెండు వైపులకూ పరుగెడుతున్నారు. కొందరు ఆ పొగ ఉన్న వైపుకే వెళ్లి దారిలో పడిపోయారు. పన్నెండు మంది పోయారు. వారిలో నాకు ముఖపరిచయం ఉన్నవారు ఉన్నారు.

ఆ తరువాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా ఒక్కచోట కూడా మోగించలేదని అందులో ఉందని పత్రికల్లో చదివినప్పుడు అన్నం ముద్ద గొంతులో దిగలేదు.

కాబట్టి ఇంజనీరు గారూ, నేను అడిగేది ఇది. ఆ రాత్రి ఈ పద్ధతి ఉండి ఉంటే నా ఫోన్ మోగేదా? మోగితే అందులో ఏమని ఉండేది?

విశ్రాంత టెలికాం ఇంజనీరు, మద్దిలపాలెం:

అమ్మా, మీ ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు సమాధానం చెప్పాలి. సాంకేతికంగా చూస్తే మోగేది. మీ ప్రాంతంలోని టవర్లను ఎంచుకుని ఒక మాట చాటడానికి నిమిషాలు చాలు. అయితే ఆ మాట టవరు దాకా రావాలంటే అంతకుముందు ఎన్ని మెట్లు ఉన్నాయో చూడండి.

కర్మాగారంలో రాత్రి పనిలో ఉన్న మనిషి ప్రమాదాన్ని గుర్తించి బయటికి చెప్పాలి. ఆ కబురు జిల్లా యంత్రాంగానికి చేరాలి. అక్కడ మెలకువగా ఉన్న అధికారికి ఎవరినీ అడగకుండా హెచ్చరిక జారీ చేసే అధికారం ఉండాలి. ఏ ప్రాంతానికి పంపాలో పటం మీద గీత గీయాలి. సందేశం రాయాలి. ఆ తరువాతే అది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆధ్వర్యంలో కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సచేత్ అనే హెచ్చరికల వేదిక ద్వారా ఫోన్ కంపెనీలకు, అక్కడి నుంచి టవర్లకు వెళుతుంది. ఈ చివరి భాగాన్ని యంత్రం క్షణాల్లో చేస్తుంది. మొదటి ఐదు మెట్లను మనుషులు చేయాలి. ఆ రాత్రి తెగిపోయింది మొదటి మెట్టు. ప్రాంగణంలోని సైరనే మోగనప్పుడు మీ ఫోన్ మోగుతుందని ఏ ఇంజనీరూ మీకు మాట ఇవ్వలేడు.

ప్రమాదకర రసాయనాలకు సంబంధించిన 1989 నాటి కేంద్ర నియమాల ప్రకారం కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యమూ, ప్రహరీ బయటి ప్రణాళికను జిల్లా యంత్రాంగమూ తయారుచేయాలి. నా అభిప్రాయంలో ఈ రెండు కాగితాల మధ్య ఉన్న సందులోనే ప్రాణాలు పోతున్నాయి. లోపలివారు బయటివారికి చెప్పేదాకా ఆగకుండా, ప్రహరీ వెంట అమర్చిన వాయువును పసిగట్టే పరికరాలే నేరుగా జిల్లా కంట్రోల్ రూమును మేల్కొలిపే ఏర్పాటు ఉండాలి. విశాఖ వంటి ఊరిలో ఇది విలాసం కాదు. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడు నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ఆ మంటలను, ఊరు విడిచి నడిచిపోతున్న జనాన్ని కళ్లారా చూశాను.

ఆలస్యమైన హెచ్చరిక ఎంత నిష్ఫలమో స్పెయిన్‌లో 2024 అక్టోబరు 29న తెలిసింది. వాలెన్సియా ప్రాంతంలో వరదల గురించి ఫోన్లు మోగినది రాత్రి 8:11 గంటలకు. అప్పటికే వీధులు మునిగి, ఎందరో కొట్టుకుపోయి ఉన్నారు. మృతులు 220 మందికి పైగా ఉన్నారు. అక్కడ సాంకేతికతకు లోటు లేదు. వాతావరణ శాఖ ఆ ఉదయమే ఎర్ర హెచ్చరిక ఇచ్చింది. మీట నొక్కాలన్న నిర్ణయమే ఆలస్యమైంది.

ఫిషింగ్ హార్బర్ బోటు యజమాని కుమారుడు:

గాలివాన సంగతి నేను చెప్పగలను. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మధ్యాహ్నం వేళ మన ఊరి మీదనే తీరం దాటింది. అది వస్తున్నదని మాకు రోజుల ముందే తెలుసు. పోర్టులో ప్రమాద సూచిక నంబరు పెరుగుతూ పోయింది. బోట్లన్నీ జెట్టీ దగ్గరికి తెచ్చి తాళ్లు రెట్టింపు చేసి కట్టాము. ఆ రోజుల్లో లోపం ముందస్తు కబురులో లేదు. తరువాతి రోజుల్లో ఉంది. గాలి తగ్గాక ఎవరి ఫోనూ మోగలేదు. నీళ్ల ట్యాంకరు ఎక్కడ వస్తుంది, పాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ దారి తెరిచారు అన్నది నోటిమాటగానే తెలిసింది. ప్రాణం దక్కిన తరువాత కావలసిన హెచ్చరిక అదే.

ఇక సముద్రం మీద సెల్ ఫోన్‌ను లెక్కలోకి తీసుకోకండి. తీరం నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే సిగ్నల్ పోతుంది. మా సరంగులు, కళాసీలు రోజుల తరబడి అంతకంటే ఎంతో దూరంలో ఉంటారు. వారికి వైర్‌లెస్ సెట్టే దిక్కు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019లో జెమిని అనే చిన్న పరికరాన్ని తెచ్చింది. అది గగన్ ఉపగ్రహ మార్గంలో వచ్చే హెచ్చరికను అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు అందిస్తుంది. వినడం మాత్రమే ఉంటుంది, తిరిగి మాట్లాడటం ఉండదు. అయినా నడిసముద్రంలో ఉన్నవాడికి ఒక్క మాట అందడం ఎంత ధైర్యమో ఒడ్డున ఉన్నవారికి చెప్పినా పూర్తిగా అర్థం కాదు.

జాలరిపేటలో ఇప్పటికీ మొదట నమ్మేది గుడి మైకును. ఫోన్‌లో వచ్చినది కూడా మైకులో పెద్దలు చెప్పిన తరువాతే జనం కదులుతారు. ఇది తప్పని నేను అనను. తెలిసిన గొంతు చెబితే నమ్మకం కుదురుతుంది.

వాతావరణ పరిశీలకుడు, ఎంవీపీ కాలనీ:

సముద్రం నుంచి వచ్చిన ఈ మాట చాలా విలువైనది. దానికి నేను కొంచెం చేర్చుతాను. మన ఊరికి వచ్చే ప్రమాదాలు ఒక్క వేగంతో రావు, అందువల్ల వాటికి ఒక్క రకమైన హెచ్చరిక సరిపోదు.

తుపాను నెమ్మదిగా వచ్చే ప్రమాదం. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచి పనిచేస్తున్నది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు, పోర్టు సూచికలు, పత్రికలు, టీవీ అన్నీ కలిసి రెండు మూడు రోజుల ముందుగా మనకు చెబుతాయి. సునామీకి గంటల వ్యవధి మాత్రమే ఉంటుంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం మన కాలమానం ప్రకారం ఉదయం 6:28కి వచ్చింది. అల మన తూర్పు తీరాన్ని తాకడానికి సుమారు రెండు నుంచి రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో కూడా తీరంలోని జనానికి ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు, ఎందుకంటే హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థే లేదు. ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో వచ్చింది. పెద్ద భూకంపం వస్తే ఇప్పుడు పది నిమిషాల్లోపు మొదటి ప్రకటన వెలువడుతుంది. అక్కడి నుంచి బీచ్‌లో నడుస్తున్న మనిషి దాకా ఆ మాటను అంత త్వరగా తీసుకురాగలిగింది నాకు తెలిసినంతలో సెల్ బ్రాడ్‌కాస్ట్ ఒక్కటే. పిడుగుకు నిమిషాల వ్యవధి ఉంటుంది. విషవాయువుకు అదీ ఉండదు.

అందుకే నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అందరి ఫోన్లూ బలవంతంగా మోగించే ఆ పెద్ద శబ్దాన్ని మామూలు వానకు వాడకూడదు. ఈ మధ్య వానాకాలంలో ఉరుములు, పిడుగుల గురించి ఎస్ఎంఎస్‌లు తరచుగా వస్తున్నాయి. అవి రావడం మంచిదే. వాటిలో కొన్ని మన మండలానికి సంబంధించినవి కాకపోవడం వల్ల చాలామంది తెరవకుండానే తీసివేస్తున్నారు. రేపు సెల్ బ్రాడ్‌కాస్ట్‌కు కూడా అదే గతి పడితే, నిజంగా అవసరమైన రాత్రి ఎవరూ ఫోన్ వైపు చూడరు. పులి కథ తెలియని ఇల్లు మన దగ్గర లేదు.

తప్పు హెచ్చరిక కూడా అంతే ప్రమాదకరం. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవుల్లో క్షిపణి వస్తున్నదని పొరపాటున ఫోన్లు మోగాయి. అది తప్పని అదే మార్గంలో ఫోన్లకు తెలియజేయడానికి 38 నిమిషాలు పట్టింది. తల్లిదండ్రులు పిల్లలను పట్టుకుని ఆ సమయమంతా చావు కోసం ఎదురుచూశారు. హెచ్చరిక పంపే అధికారం ఎవరికి ఉందో, తప్పయితే వెనక్కి తీసుకునే అధికారం కూడా వారికే, అప్పటికప్పుడే ఉండాలి.

పాడేరు వైపు ఉపాధ్యాయుడు:

నగరవాసుల చర్చలోకి కొండ మీదివాడిగా వస్తున్నాను. 2022లో జిల్లాలు మారిన తరువాత మేము అల్లూరి సీతారామరాజు జిల్లా అయినా, మా ఆసుపత్రీ, మా పై చదువులూ నేటికీ విశాఖలోనే ఉన్నాయి.

మా వైపు పిడుగే పెద్ద శత్రువు. పొలంలో, పశువుల వెంట, చెట్టు కింద ఉన్న మనిషిని తీసుకుపోతుంది. మా పాఠశాలకు వచ్చే కొన్ని ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఇంటికి ఒక్క ఫోన్ ఉంటుంది. అది సంతకు వెళ్లిన మగవాడి జేబులో ఉంటుంది. పొలంలో ఉన్న ఇల్లాలికి ఏ హెచ్చరికా అందదు. కువి మాట్లాడే ముసలమ్మకు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దాయనకు తెలుగులో వచ్చిన సందేశమూ పరాయిదే. మా పాఠశాలలో మేము చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. హెచ్చరిక ఎవరి ఫోన్‌కు వచ్చినా వారు బడికి చెబుతారు. బడి గంటను ఆగకుండా కొడతాము. ఆ గంట వినగానే చెట్టు కింద ఉన్నవారు ఇంట్లోకి రావాలని పిల్లలే తమ ఇళ్లలో నేర్పారు. గంటకు భాష లేదు, చార్జింగ్ అక్కర్లేదు.

ఫోన్ వద్దని నేను అనడం లేదు. ఫోన్ అందుకున్న మనిషి తరువాత ఎవరికి చెప్పాలో ముందే నిర్ణయించుకోవాలని అంటున్నాను.

న్యాయవాది, డాబాగార్డెన్స్:

ఒక చిన్న విషయం, కానీ తప్పక చెప్పవలసినది. ఇంట్లో హింసను భరిస్తున్న కొందరు స్త్రీలు సహాయం కోసం రహస్యంగా రెండో ఫోన్ దాచుకుంటారు. నిశ్శబ్దంలో పెట్టిన ఫోన్ కూడా ఈ హెచ్చరికకు పెద్దగా మోగుతుంది. అది ఆ స్త్రీకి అపాయం తెస్తుంది. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ 23న దేశవ్యాప్త పరీక్ష జరిపినప్పుడు, ఆ స్థితిలో ఉన్నవారు హెచ్చరికను ఎలా ఆపుకోవాలో ముందుగానే ప్రచారం చేశారు. సీతమ్మధార వాసి గారూ, మీరు తెరవడం మంచిది. అయితే ఆపుకునే వీలు అలాగే ఉండాలి, దానిని తీసివేయాలన్న వాదనలకు నేను అంగీకరించను.

విశ్రాంత టెలికాం ఇంజనీరు, మద్దిలపాలెం:

టవర్ల గురించి రాస్తానన్నాను. ప్రతి టవరు వద్దా బ్యాటరీలు ఉంటాయి, చాలాచోట్ల డీజిల్ జనరేటరు ఉంటుంది. కరెంటు పోయాక అవి కొన్ని గంటలు నిలబడతాయి. ఆ తరువాత డీజిల్ పోయడానికి మనిషి వెళ్లాలి. హుద్‌హుద్ తరువాత దారులకు అడ్డంగా చెట్లు పడి ఉండటం వల్ల ఆ మనిషి వెళ్లలేకపోయాడు. టవరు కూలకపోయినా, దానికి సంకేతాలు తెచ్చే కేబులు తెగితే అది మూగబోతుంది. అందుచేత తుపాను తీరం దాటే లోపలే చెప్పవలసినదంతా చెప్పివేయాలి. ఇటీవలి తుపానుల్లో ఒక కంపెనీ టవరు పనిచేయకపోతే మరో కంపెనీ టవరు మీద ఫోన్లు పనిచేసేలా కంపెనీల మధ్య రోమింగ్ తెరుస్తున్నారు. ఇది నిజంగా మెచ్చుకోవలసిన మార్పు. హార్బర్ తమ్ముడు అడిగిన నీళ్ల ట్యాంకరు కబురును పంపడానికి ఇది దారి చేస్తుంది.

ఇంకొక సంగతి. ఈ సందేశం టవరు నుంచి కొద్ది కొద్ది విరామంతో మళ్లీ మళ్లీ వెలువడుతూ ఉంటుంది. ఒకసారి అందుకున్న ఫోన్ అదే వరుస సంఖ్యను గుర్తుపట్టి రెండోసారి మోగదు. కొత్తగా ఆ ప్రాంతంలోకి వచ్చిన ఫోన్ మాత్రం మోగుతుంది. అందువల్ల సందేశంలో రాసిన సమయం తప్పనిసరి. సమయం లేకపోతే గంట తరువాత వచ్చినవాడికి అది పాతదో కొత్తదో తెలియదు.

పత్రికలో ప్రూఫులు చూసేవాడిని, అక్కయ్యపాలెం:

గోపాలపట్నం సోదరి అడిగిన రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. మోగితే అందులో ఏమని ఉండేది? నా వృత్తి అక్షరాలతో కనుక దాని గురించి రాస్తాను.

ఈ పద్ధతిలో ఒక సందేశం 15 పుటల దాకా ఉండవచ్చు. ఒక్కో పుటకు 82 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే పుటకు 93 పడతాయి. తెలుగులో ప్రతి గుర్తుకూ రెండు బైట్లు పడతాయి కనుక పుటకు 41 గుర్తులే, మొత్తం 615. గుర్తు అంటే మనం పలికే అక్షరం కాదు. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది ఆరు గుర్తులు. విశాఖపట్నం అన్న పేరు ఒక్కటే పది గుర్తులు తింటుంది. కనుక ప్రతి మాటకూ విలువ కట్టాలి.

అయితే మన కార్యాలయాల తెలుగు ఎలా ఉంటుందో చూడండి. ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, పరిసర ప్రాంతములలో రసాయన వాయువు విడుదల అయిన కారణముగా ప్రజలు అప్రమత్తముగా ఉండవలసినదిగా కోరడమైనది. దీనిలో వందకు పైగా గుర్తులు ఖర్చయ్యాయి. చదివినవాడికి ఏ ఊరో తెలియలేదు, ఏ వాయువో తెలియలేదు, లేవాలో పడుకోవాలో తెలియలేదు. అప్రమత్తంగా ఉండటం అంటే మూడు గంటల రాత్రి ఏం చేయడం? ఇంత మర్యాదగా రాసిన వాక్యం మనిషిని మంచం మీద నుంచి లేపదు.

నేనొక నమూనా రాస్తాను. తప్పులుంటే దిద్దండి.

"హెచ్చరిక. ఫలానా కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. వెంటనే ఇల్లు విడిచి గాలికి అడ్డదిశలో వెళ్లండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి. జిల్లా యంత్రాంగం."

గోపాలపట్నం గృహిణి:

అన్నయ్య గారూ, మీరు రాసినది బాగుంది, కాని ఆ రాత్రి నాకు ఇది వచ్చి ఉంటే గాలి ఎటు వీస్తున్నదో చూడటానికి వీధిలో నిలబడేదాన్ని. చీకట్లో, కళ్లు మండుతుండగా గాలి దిక్కు ఎవరికి తెలుస్తుంది? దిక్కు చెప్పవద్దు, చోటు చెప్పండి. ఫలానా కూడలికి వెళ్లండి, ఫలానా వీధికి వెళ్లవద్దు అని రాయండి. ఆ రెండో మాట మరీ ముఖ్యం. మా వీధిలో పడిపోయినవారికి ఎవరో ఒకరు అటు వెళ్లవద్దని చెప్పి ఉంటే చాలు.

మరొకటి. ఇంట్లో అందరినీ లేపండి అన్నది మొదట ఉండాలి. ఫోన్ నా తలగడ దగ్గర ఉంటుంది, పిల్లలు పక్క గదిలో ఉంటారు, అత్తగారు వసారాలో ఉంటారు. పక్క తలుపు తట్టండి అన్నది కూడా రాయండి. మేము బతికినది అందువల్లనే.

విశ్రాంత టెలికాం ఇంజనీరు, మద్దిలపాలెం:

సోదరి చెప్పినది అక్షరాలా సరైనది. దానికి ఒక జాగ్రత్త చేర్చాలి. అన్ని వాయువులకూ ఒకే సలహా పనికిరాదు. స్టైరిన్ ఆవిరి గాలి కంటే బరువైనది. అది నేల మీద, పల్లంలో నిలుస్తుంది, పైగా నిప్పు అంటుకుంటుంది. అమోనియా వాయువు గాలి కంటే తేలికైనది. కొన్ని సందర్భాల్లో బయటికి పరుగెత్తడం కంటే తలుపులు, కిటికీలు మూసుకుని లోపల ఉండటమే మేలు. కాబట్టి ఏ కర్మాగారంలో ఏ రసాయనం నిల్వ ఉందో దాన్ని బట్టి, చుట్టూ ఉన్న ప్రతి పేటకూ సందేశం ముందుగానే రాసి సిద్ధంగా పెట్టుకోవాలి. రాత్రి మూడు గంటలకు కూర్చుని వాక్యం కూర్చే పని ఏ అధికారికీ పెట్టకూడదు. ఆయన సమయం, పేట పేరు నింపి మీట నొక్కేటట్లు ఉండాలి. ఆ పేటల్లోని ఇళ్లవారికి కూడా ఆ వాక్యాన్ని ముందే చదివి వినిపించి ఉండాలి. గాజువాక, మల్కాపురం వైపు ఒడియా, హిందీ మాట్లాడే కార్మికులు ఎందరో ఉన్నారు కనుక ఆ భాషల్లోనూ సిద్ధం చేయాలి.

అంతా అయిపోయాక ఇళ్లకు తిరిగి రావచ్చునని చెప్పే సందేశాన్ని కూడా ఇప్పుడే రాసి పెట్టాలి. చాలా ప్రణాళికల్లో దాని ఊసే ఉండదు.

సీతమ్మధార వాసి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సాయంత్రం అమ్మ ఫోన్‌లో హెచ్చరికలు తిరిగి తెరిచాను. ఈసారి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ శబ్దం ఎందుకు అంత పెద్దగా ఉంటుందో, అది వచ్చినప్పుడు మొదట చదవాలని, చదవలేకపోతే పై వాటాలోని అమ్మాయిని పిలవాలని చెప్పాను. మా ఇంట్లో పనిచేసే ఆమె ఫోన్ బాగా పాతది, అందులో ఈ ఏర్పాటు కనిపించలేదు. ఆమె ఉండేది కొండవాలు కాలనీలో. అక్కడ వానకు మట్టి జారుతుంది. ఆమె పక్కింటివారి ఫోన్‌లో తెరిచి ఉందో లేదో చూసి చెప్పమన్నాను.

తరువాత ప్రూఫులు చూసే అన్నగారి నమూనాను, సోదరి చేర్చిన మాటలతో కలిపి అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చివరి మాట దగ్గర ఆగింది. యంత్రాంగం అంటే ఎవరురా అని అడిగింది. కలెక్టరు అని చెప్పాను. మరి కలెక్టరు అని రాయక అదెందుకు అంది. మళ్లీ ఎప్పుడు చెబుతారో కూడా రాయమంది, లేకపోతే కూడలిలో ఎంతసేపు నిలబడాలో తెలియదు కదా అని. వెళ్లడం నడిచా, బండి మీదా అని కూడా అడిగింది. స్టైరిన్‌కు నిప్పు అంటుకుంటుందని ఇంజనీరు గారు రాశారు కనుక నేను పొయ్యి, స్విచ్‌ల మాట చేర్చి, బండి వద్దని రాశాను. సరిగా ఉందేమో చూడండి.

"ఇంట్లో అందరినీ లేపండి. ఫలానా కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ పెట్టుకోండి. పొయ్యి వెలిగించవద్దు, స్విచ్ ముట్టుకోవద్దు, బండి తీయవద్దు. నడిచి ఫలానా కూడలికి వెళ్లండి. ఫలానా వీధి వైపు వెళ్లవద్దు. వెళుతూ పక్క తలుపు తట్టండి. 15 నిమిషాల్లో మళ్లీ చెబుతాము. కలెక్టరు, విశాఖపట్నం. రాత్రి 3:20."

పత్రికలో ప్రూఫులు చూసేవాడిని, అక్కయ్యపాలెం:

లెక్క చూశాను, 615 లోపలే ఉంది, ఇంకా చోటు మిగిలింది. ఆ చోటులో ఒక్క వాక్యం చేర్చుతున్నాను: "నడవలేనివారు ఉంటే 112కు ఫోన్ చేసి ఇంటి గుర్తు చెప్పండి." అమ్మగారికి ఇది కూడా చదివి వినిపించి, ఆమె ఎక్కడ ఆగుతారో రాయండి.